రెండో పేజీకి వెళ్లేసరికి వర్డ్ పట్టిక ఎందుకు చెడుతుంది?

నర్సంపేట వైపు ఒక ఊళ్లో గ్రామ సంఘం లెక్కలు రాసే చెల్లెమ్మ అడిగింది ఇదీ. ఊళ్లోని మహిళా సంఘాలన్నిటి పొదుపు, అప్పు, నిల్వ వివరాలు వర్డ్‌లో పట్టికగా చేశారు. మొదటి పేజీ బాగానే ఉంది. రెండో పేజీలో పైన హెడ్డింగులు లేవు, ఏ అంకె దేనిదో తెలియడం లేదు. సంఘం పేరు కాస్త పొడుగైతే పక్క కాలమ్ ఇరుకైపోతోంది. కొన్ని చోట్ల వత్తులు కోసేసినట్టు కనిపిస్తున్నాయి. ఇంట్లో ఒకలా ఉన్న ఫైలు జిరాక్స్ షాపులో ఇంకోలా వస్తోంది. మొత్తాలేమో క్యాలిక్యులేటర్‌తో వేసి టైపు చేస్తున్నారు. మండల సమాఖ్య మీటింగ్ దగ్గరికొచ్చింది, టెన్షన్‌గా ఉందని చివర్లో రాశారు.

హనుమకొండలో డీటీపీ పని చేస్తూ జుట్టు నెరిసినవాణ్ని. యూనివర్సిటీ పిల్లల థీసిస్‌ల నుంచి పంచాయతీ లెక్కల దాకా రోజూ చూసేవి ఈ పట్టికలే. చెల్లెమ్మా, మీరు చెప్పిన వాటిలో ఒక్క మొత్తాల సంగతి తప్ప మిగతావన్నీ ఒక దగ్గర నుంచే పుట్టాయి. పట్టిక కొలతలు, సెట్టింగులు మీరు చెప్పలేదు, కాబట్టి వర్డ్ తనకు తోచినట్టు వేసుకుంటోంది. ముందు కొలతలు మీ చేతిలోకి తెచ్చుకోండి.

అన్నిటికన్నా ముందు కాగితం. లేఅవుట్ ట్యాబ్‌లో సైజ్ నొక్కి చూడండి. చాలా కంప్యూటర్లలో అది లెటర్ అని ఉంటుంది. లెటర్ కాగితం 21.59 సెంటీమీటర్ల వెడల్పు, 27.94 పొడవు. మన జిరాక్స్ షాపుల్లో దొరికేది ఏ4, అంటే 21 వెడల్పు, 29.7 పొడవు. లెటర్‌లో చేసిన పట్టికను ఏ4 మీద వేస్తే ప్రింటర్ కుదించవచ్చు, అంచు కోయవచ్చు, వరుసలు ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి జరగవచ్చు. షాపులో వేరేగా రావడానికి సగం కారణం ఇదే. సైజ్ ఏ4 చేయండి. మార్జిన్ ఎడమ పక్క 2 సెంటీమీటర్లు పెట్టండి, ఫైల్లో కుట్టడానికి జాగా కావాలి. కుడి పక్క 1.5 చాలు. ఇప్పుడు పట్టికకు మిగిలింది 17.5 సెంటీమీటర్లు.

ఈ పదిహేడున్నరను కంప్యూటర్ ముందు కూర్చోకముందే ఒక చిత్తు కాగితం మీద పంచుకోండి. మీరు చెప్పిన వివరాలకు నేనైతే ఇలా పంచుతాను: వరుస సంఖ్యకు 1.2, సంఘం పేరుకు 4.8, సభ్యులకు 1.5, ఆ తర్వాత పొదుపు, అప్పు, కట్టింది, నిల్వ నాలుగింటికీ తలా 2.5. అన్నీ కలిపితే సరిగ్గా 17.5. బ్యాంకు అప్పు వేరు, మహిళా సంఘాలకు అప్పులిచ్చే సహకార సంస్థ స్త్రీనిధి అప్పు వేరు చూపించాలంటే ఇంకో రెండు మూడు కాలమ్‌లు పెరుగుతాయి. అప్పుడు అంకెలు చిన్నవి చేసి ఇందులోనే ఇరికించకండి, కాగితాన్ని అడ్డంగా తిప్పండి. ఓరియంటేషన్‌లో ల్యాండ్‌స్కేప్. మీటింగ్‌లో పెద్ద వయసు సభ్యులు కూడా కాగితం చూస్తారు, అక్షరం 11 పాయింట్ల కన్నా తగ్గితే వాళ్లకు కష్టం.

రిపోర్టు అంతా నిలువుగా ఉండి ఈ ఒక్క పట్టికే అడ్డంగా కావాలంటే, దాని ముందు ఒకటి, వెనక ఒకటి సెక్షన్ బ్రేక్ పెట్టాలి. బ్రేక్స్ కింద నెక్స్ట్ పేజ్ అని ఉంటుంది. రెండు బ్రేకుల మధ్య కర్సర్ పెట్టి ల్యాండ్‌స్కేప్ చేస్తే ఆ భాగమే తిరుగుతుంది. థీసిస్ చేసేవాళ్లకు కూడా ఇదే పద్ధతి.

ఇప్పుడు పట్టిక. ఇన్సర్ట్‌లో టేబుల్ నొక్కగానే గళ్ల బొమ్మ ఒకటి వస్తుంది, దాని మీద మౌస్ జరిపితే పట్టిక పడుతుంది. అందులో 10 కాలమ్‌లు, 8 వరుసలే ఉంటాయి. చిన్న పనికి సరే, మీ పనికి కాదు. దాని కిందే ఇన్సర్ట్ టేబుల్ అని మాటల్లో ఉంటుంది, అది తెరవండి. కాలమ్‌లు 7, వరుసలు 5 అని ఇవ్వండి చాలు. సంఘాలు ఎన్ని ఉన్నా వరుసలు ముందే లెక్కపెట్టి వేయనక్కర్లేదు, చివరి గడిలో ట్యాబ్ కీ కొడితే కొత్త వరుస దానంతటదే వస్తుంది. అదే డబ్బాలో కింద ఫిక్స్‌డ్ కాలమ్ విడ్త్ అని ఉంటుంది, దాన్నే ఎంచుకోండి. పక్కనున్న ఆటోఫిట్ టు కంటెంట్స్ జోలికి వెళ్లొద్దు. పేరు పొడుగైతే పక్క కాలమ్ ఇరుకవుతోందన్నారే, అది చేసే పనే అది.

మీ దగ్గర ఇప్పటికే ఉన్న పట్టికను పారేయనక్కర్లేదు. అందులో ఎక్కడైనా కుడి క్లిక్ చేసి టేబుల్ ప్రాపర్టీస్ తెరవండి. మొదటి ట్యాబ్‌లో ఆప్షన్స్ అనే బటన్ ఉంటుంది. లోపల ‘ఆటోమేటికల్లీ రీసైజ్ టు ఫిట్ కంటెంట్స్’ ముందున్న టిక్ తీసేయండి. తర్వాత అదే ప్రాపర్టీస్‌లో కాలమ్ ట్యాబ్‌కు వెళ్లి ప్రిఫర్డ్ విడ్త్‌లో చిత్తు కాగితం మీది కొలతలు ఒక్కొక్కటే కొట్టండి. నెక్స్ట్ కాలమ్ నొక్కుతూ పోవచ్చు. కొలతలు అంగుళాల్లో చూపిస్తుంటే ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి డిస్‌ప్లే అన్న భాగంలో సెంటీమీటర్లకు మార్చుకోండి. మౌస్‌తో గీత పట్టుకుని లాగడం నాకు నచ్చదు. ఒకటి లాగితే పక్కది మారుతుంది. ఒక్క గడి సెలెక్ట్ అయి ఉండగా లాగితే ఆ గడి మాత్రమే జరిగి గీత వంకరపోతుంది. ఆ వంకర సరిచేయడం కంటే కొత్త పట్టిక వేసుకోవడం తేలిక.

రెండో పేజీలో హెడ్డింగు రాకపోవడం గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడ పొరపాటు మందు వేస్తారు. రెండో పేజీ మొదట్లో హెడ్డింగు వరుసను కాపీ చేసి పెడతారు. పైన ఒక సంఘం కొత్తగా చేరగానే ఆ కాపీ వరుస పేజీ మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది. సరైన పని ఏమిటంటే, మొదటి వరుసను సెలెక్ట్ చేసి పట్టికలో కర్సర్ ఉన్నప్పుడు పైన చివర్లో కనిపించే రెండో లేఅవుట్ ట్యాబ్‌లో రిపీట్ హెడర్ రోస్ నొక్కాలి. మీ హెడ్డింగు రెండు వరుసల్లో ఉంటే, అంటే పైన ‘బ్యాంకు అప్పు’, దాని కింద ‘తీసుకున్నది’, ‘కట్టింది’ అని ఉంటే, రెండు వరుసలూ కలిపి సెలెక్ట్ చేయాలి. తప్పకుండా పట్టిక మొట్టమొదటి వరుస నుంచే మొదలు కావాలి, మధ్యలోంచి చేస్తే పని చేయదు.

అన్నీ సరిగ్గా చేసినా హెడ్డింగు రావడం లేదని కొందరు వస్తారు. అప్పుడు నేను మొదట చూసేది టేబుల్ ప్రాపర్టీస్‌లోని టెక్స్ట్ ర్యాపింగ్. అది నన్ అని ఉండాలి. అరౌండ్ అని ఉంటే హెడ్డింగు తర్వాతి పేజీకి వెళ్లదు. మీరేమీ మార్చకుండానే అది అరౌండ్ ఎలా అయింది? పట్టిక ఎడమ పక్క పై మూలన నాలుగు బాణాల గుర్తు ఒకటి కనిపిస్తుంది. దాన్ని పట్టుకుని పట్టికను కొంచెం పక్కకు జరిపితే చాలు, వర్డ్ దాన్ని అరౌండ్‌గా మార్చేస్తుంది. పట్టిక మధ్యలోకి రావాలంటే జరపకండి, ప్రాపర్టీస్‌లో అలైన్‌మెంట్ సెంటర్ చేయండి. ఇంకో కారణం కంట్రోల్, ఎంటర్ కొట్టి పట్టిక మధ్యలో పేజీ విరగ్గొట్టడం. అలా చేస్తే హెడ్డింగు మళ్లీ రాదు. పేజీని వర్డ్‌నే విరుచుకోనివ్వండి.

అలా విరిచేటప్పుడు ఒక సంఘం వివరాల్లో సగం ఈ పేజీలో, సగం ఆ పేజీలో పడితే అసహ్యంగా ఉంటుంది. పట్టిక మొత్తం సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్‌లో రో ట్యాబ్‌లో ‘అలౌ రో టు బ్రేక్ అక్రాస్ పేజెస్’ టిక్ తీసేయండి. వరుస పట్టకపోతే మొత్తంగా కింది పేజీకి వెళ్తుంది.

వత్తులు తెగడానికి మందు కూడా అదే రో ట్యాబ్‌లో ఉంది. స్పెసిఫై హైట్ దగ్గర ‘ఎగ్జాక్ట్లీ’ అని ఉండి ఉంటుంది, దాన్ని ‘ఎట్ లీస్ట్’ చేయండి. ఇంగ్లిష్ అక్షరానికి సరిపోయే ఎత్తు తెలుగుకు చాలదు. ‘శ్రీ లక్ష్మి’ అని సంఘం పేరు రాస్తే పైన గుడి, కింద వత్తు, రెండిటికీ జాగా కావాలి. వరుస ఎత్తు మార్చినా ఇంకా తెగుతుంటే పేరా సెట్టింగులో లైన్ స్పేసింగ్ చూడండి, అక్కడ కూడా ‘ఎగ్జాక్ట్లీ’ ఉంటే ‘సింగిల్’ చేయండి. అక్కడే ఆఫ్టర్ అన్న చోట సున్నా పెడితే ప్రతి గడిలో అక్షరాల కింద వృథాగా పోయే జాగా తగ్గుతుంది. గడిలో అక్షరాలు నిలువుగా మధ్యలో ఉండాలంటే ఎంటర్ కొట్టి కిందికి దించడం మానేయండి. పట్టిక లేఅవుట్‌లో అలైన్‌మెంట్ బొమ్మలు తొమ్మిది ఉంటాయి, వాటిలో మధ్య వరుసది ఎంచుకోండి.

ఫాంటు సంగతి. విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐ యూనికోడ్ ఫాంటు, అంటే ఏ కంప్యూటర్లో తెరిచినా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతిది. దాదాపు ప్రతి కంప్యూటర్లో ఉంటుంది, మీ పనికి అది సరిపోతుంది. గౌతమి కూడా యూనికోడే గానీ, విండోస్ 10 నుంచి దాన్ని విడిగా వేసుకోవాల్సి రావచ్చు. కొంచెం పుస్తకంలా కనిపించాలంటే పోతన 2000 అనే ఉచిత ఫాంటు ఉంది, తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసింది. మన బమ్మెర పోతన పేరు మీద ఉందని కాబోలు, మా షాపుకు వచ్చే జనగామ వాళ్లు అదే అడుగుతారు! కానీ అది అవతలి కంప్యూటర్లో లేకపోతే వర్డ్ వేరే ఫాంటు పెట్టేస్తుంది, అక్షరాల వెడల్పు మారి పేర్లు రెండో లైనుకు దిగుతాయి. షాపులో వేరేగా రావడానికి మిగతా సగం కారణం ఇది. అను ఫాంట్లలో చేసిన ఫైలైతే ఆ ఫాంట్లు లేని చోట తెలుగే కనిపించదు, పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి. పత్రికలు, ఫ్లెక్సీల పనికి అను బాగానే ఉంటుంది గానీ, పది మంది చేతులు మారే లెక్కల ఫైలుకు యూనికోడే పెట్టుకోండి. ఒక చిన్న చిక్కు: పైన సైజు మార్చినా తెలుగు అక్షరం మారకపోతే కంట్రోల్, డి కొట్టండి. కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అని వేరే భాగం కనిపిస్తుంది, తెలుగు ఫాంటు, సైజు అక్కడ ఇవ్వాలి.

హెడ్డింగు మాటలు కూడా కొలత చూసుకుని రాయాలి. 2.5 సెంటీమీటర్ల కాలమ్ మీద ‘చెల్లించవలసిన మొత్తం’ అని రాస్తే మాట మధ్యలో విరుగుతుంది. ‘బాకీ’ అంటే సమాఖ్యలో అందరికీ అర్థమవుతుంది. ‘సభ్యుల సంఖ్య’ వద్దు, ‘సభ్యులు’ చాలు. ‘రూపాయలు’ అని ప్రతి కాలమ్‌లో రాసే బదులు పట్టిక పైన ఒక్కసారి ‘అన్ని మొత్తాలూ రూపాయల్లో’ అని రాయండి. మాటను రెండు లైన్లు చేయాలంటే షిఫ్ట్, ఎంటర్ కొట్టండి. అక్షరాలను నిలువుగా తిప్పే సదుపాయం కూడా ఉంది గానీ, మెడ వంచి చదవాల్సిన పట్టికను మీటింగ్‌లో ఎవరూ చదవరు.

పాత ఫైలు కాపీ చేసుకుని పని మొదలుపెట్టే అలవాటు అందరికీ ఉంది. అలాంటప్పుడు పైన జిల్లా పేరు చూసుకోండి. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లాగా, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లాగా మారాయి. మీ నర్సంపేట ఇప్పుడు వరంగల్ జిల్లా. ఇప్పటికీ ‘వరంగల్ రూరల్’ అని పైన వేసుకుని వచ్చే ఫైళ్లు నా దగ్గరికి వస్తూనే ఉన్నాయి. కంట్రోల్, హెచ్ కొట్టి ఒకేసారి మార్చేయొచ్చు.

సంఘాల నుంచి వివరాలు మీకు వాట్సాప్‌లోనే వస్తుంటాయి కదా, వాటిని మళ్లీ టైపు చేయకండి. ఒక్కో సంఘం ఒక్కో లైనులో ఉండేలా వర్డ్‌లో అతికించి, పేరుకూ అంకెకూ మధ్య ట్యాబ్ ఉండేలా చూడండి. అన్నీ సెలెక్ట్ చేసి ఇన్సర్ట్, టేబుల్, కన్వర్ట్ టెక్స్ట్ టు టేబుల్ నొక్కితే పట్టిక తయారు. విడదీసే గుర్తు దగ్గర ట్యాబ్స్ అనే ఎంచుకోండి. అక్కడ కామాస్ ఉందనుకోండి, ‘1,25,000’ అన్న అంకె మూడు ముక్కలై మూడు గడుల్లో పడుతుంది. వాళ్లు గీత పెట్టి పంపితే అదర్ దగ్గర ఆ గీతే ఇవ్వొచ్చు.

వరుస సంఖ్యలు చేత్తో వేయొద్దు. హెడ్డింగు వదిలి ఆ కాలమ్ సెలెక్ట్ చేసి హోమ్‌లో నంబరింగ్ నొక్కండి. ఒక సంఘాన్ని తీసేసినా మధ్యలో చేర్చినా సంఖ్యలు వాటంతటవే సర్దుకుంటాయి. ఇరుకు కాలమ్‌లో సంఖ్య కుడికి జరిగిపోతే దాని మీద కుడి క్లిక్, అడ్జస్ట్ లిస్ట్ ఇండెంట్స్, ఫాలో నంబర్ విత్ దగ్గర నథింగ్. వరుసను పైకీ కిందికీ మార్చడానికి కట్, పేస్ట్ అక్కర్లేదు, ఆల్ట్, షిఫ్ట్ రెండూ పట్టుకుని పై బాణమో కింది బాణమో కొట్టండి. వరుస తీసేయడానికి డిలీట్ కీ కొడితే లోపలి అక్షరాలే పోతాయి, గళ్లు ఉంటాయి. మొత్తం వరుస సెలెక్ట్ చేసి బ్యాక్‌స్పేస్ కొడితే గళ్లతో సహా పోతుంది.

గడులు కలపడం, అదే మర్జ్ సెల్స్, హెడ్డింగులో తప్ప వాడొద్దు. ఒక క్లస్టర్ పేరు ఎడమ పక్క ఐదు వరుసలకు కలిపి నిలువుగా రాస్తే చూడ్డానికి అందంగానే ఉంటుంది. తర్వాత కాలమ్ సెలెక్ట్ చేయబోతే సగమే వస్తుంది, సార్ట్ మొరాయిస్తుంది, పేజీ మారే చోట ఆ పేరు మొదటి పేజీలోనే ఉండిపోతుంది. పేరును ప్రతి వరుసలో మళ్లీ రాయడమే నయం.

ఇక మొత్తాలు. వర్డ్ కూడా కూడుతుంది. చివరి గడిలో కర్సర్ పెట్టి పట్టిక లేఅవుట్‌లో ఫార్ములా నొక్కితే పైన ఉన్నవన్నీ కూడే సూత్రం, సమ్ అబౌ, సిద్ధంగా ఉంటుంది. కానీ దాన్ని మీ లెక్కలకు వాడమని నేను చెప్పను. పైన ఒక అంకె మార్చితే మొత్తం దానంతటది మారదు, ఆ అంకెను సెలెక్ట్ చేసి ఎఫ్9 కొట్టాలి. కాలమ్ మధ్యలో ఖాళీ గడి ఉంటే లెక్క తప్పవచ్చు, ఖాళీల్లో సున్నా వేయాలి. హెడ్డింగులో ‘2024’ అని ఒట్టి సంవత్సరం రాసి ఉంటే దాన్ని కూడా రూపాయల్లో కలిపేస్తుంది. రెండు వేల ఇరవై నాలుగు రూపాయల తేడా ఎక్కడొచ్చిందో వెతుక్కుంటూ కూర్చోవాలి.

లెక్క ఉన్న పట్టిక ఎక్సెల్‌లో చేయండి, చూపించే పట్టిక వర్డ్‌లో పెట్టండి. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల లెక్కయినా, మీ కిస్తుల లెక్కయినా ఇదే పద్ధతి. ఎక్సెల్‌లో కూడికలు అయ్యాక కాపీ చేసి వర్డ్‌లో అతికిస్తే పట్టికగానే వస్తుంది. అతికించేటప్పుడు ‘యూజ్ డెస్టినేషన్ స్టైల్స్’ ఎంచుకుంటే వర్డ్ ఫాంటే పడుతుంది, ఆపై పైన చెప్పిన కొలతలు ఇచ్చుకోండి. లక్షల దగ్గర కామా మనలా పడకుండా మిలియన్ల లెక్కన పడుతుంటే విండోస్ రీజియన్ సెట్టింగులో డిజిట్ గ్రూపింగ్ మార్చాలి. అంకెల కాలమ్‌లన్నీ కుడి పక్కకు సర్దండి. మధ్యలో పెడితే పదుల కింద వందలు, వందల కింద వేలు పడి కంటికి చిక్కవు.

ప్రతి నెలా ఇదే పట్టిక కావాలి కాబట్టి ఒకసారి కుదిరాక అంకెలు తీసేసి ఖాళీ పట్టికను సెలెక్ట్ చేయండి. ఇన్సర్ట్, టేబుల్, క్విక్ టేబుల్స్‌లో కింద ‘సేవ్ సెలెక్షన్’ అని ఉంటుంది. అందులో దాచుకుంటే వచ్చే నెల రెండు నొక్కుళ్లలో కొలతలు, హెడ్డింగులతో సహా వచ్చేస్తుంది.

కంప్యూటర్లో వర్డ్ లేకపోతే లిబ్రే ఆఫీస్ రైటర్ ఉచితం, ఈ పనులు చాలావరకు అందులోనూ అవుతాయి. ఫోన్‌లో మాత్రం అంకెలు సరిదిద్దడం వరకే పెట్టుకోండి, పట్టిక కొలతలు మార్చడం చిన్న స్క్రీన్ మీద అయ్యే పని కాదు.

ప్రింటుకు వెళ్లేముందు చివరి పేజీ ఒకసారి చూడండి. పట్టిక పేజీ అంచు దాకా వస్తే దాని వెనక ఖాళీ పేజీ ఒకటి పుట్టుకొస్తుంది. పట్టిక తర్వాత ఒక ఖాళీ లైను ఉండి తీరాలి, అది వర్డ్ నియమం. ఎంత డిలీట్ కొట్టినా పోదు. ఆ లైను మీద కర్సర్ పెట్టి ఫాంటు సైజు 1 చేయండి, లైన్ స్పేసింగ్ ఎగ్జాక్ట్లీ 1 పాయింట్ ఇవ్వండి, ముందూ వెనకా ఖాళీ సున్నా చేయండి. పేజీ పోతుంది. ‘ఎగ్జాక్ట్లీ’ పనికొచ్చేది ఇక్కడొక్కచోటే.

ఆ తర్వాత ఫైల్, సేవ్ యాజ్‌లో పీడీఎఫ్ చేసి షాపుకు అదే పంపండి. ఫాంట్లు ఫైల్లోనే ఉంటాయి, అక్కడ ఏ కంప్యూటర్ ఉన్నా మీరు చూసినట్టే వస్తుంది. ప్రింట్ ఇచ్చేటప్పుడు ‘యాక్చువల్ సైజ్’ పెట్టమని చెప్పండి, ‘ఫిట్’ పెడితే కాస్త చిన్నదవుతుంది. వర్డ్ ఫైలు కూడా పెన్‌డ్రైవ్‌లో దగ్గర పెట్టుకోండి, మీటింగ్ పొద్దున ఏదో ఒక సంఘం అంకె మారిందని ఫోన్ వస్తుంది. ఇవన్నీ చేశాక కూడా హెడ్డింగు రాకపోతే మీ వర్డ్ ఏ సంవత్సరందో చెప్పి, టేబుల్ ప్రాపర్టీస్ తెరిచిన స్క్రీన్ ఫొటో పెట్టండి, చూసి చెప్తాను. ఫొటోలో సభ్యుల పేర్లు, ఖాతా నంబర్లు కనిపించకుండా చూసుకోండి.